మైనంలో నిలిచిన శ్రుతి

పనస దుంగను తొలిచి కుండ తీసి, దండిని సాపు చేసి, చివర యాళి ముఖం చెక్కి, మెరుగు పెట్టాక కూడా బొబ్బిలి వీణ పుట్టినట్టు కాదు. అప్పటికి తయారైంది వీణ రూపంలో ఉన్న కొయ్య. తంతులు బిగించి మీటితే మోత వస్తుంది, స్వరాలు రావు. దండి మీద రెండు గట్లుగా మైనం పోసి, ఆ గట్ల మీద 24 లోహపు మెట్లను ఒక్కొక్కటిగా నిలిపి, ప్రతి మెట్టునూ చెవితో విని, వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపి స్థిరపరచినప్పుడే అది వాద్యమవుతుంది. ఈ పనికి మేళం కట్టడమని పేరు. బొబ్బిలి వీణ చరిత్రను మనం ఇప్పటిదాకా రాజులు, వడ్రంగులు, పనస మాను అన్న మూడు మాటలతో చెప్పుకుంటూ వచ్చాం. ఆ మూడూ నిజమే. అయితే ఆ చరిత్రకు ప్రాణం మేళం కట్టే చెవిలో ఉంది. ఉలి పని కంటికి కనిపిస్తుంది కనుక దాన్ని గుర్తించాం, బహుమతులిచ్చాం. చెవి పని కనిపించదు కనుక దాన్ని లెక్కలో వేయలేదు. ఈ పొరపాటును ఇప్పుడు దిద్దుకోకపోతే బొబ్బిలి వీణ అన్న పేరు నిలుస్తుంది, ఆకారం నిలుస్తుంది, నాదం మాత్రం పోతుంది. ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే.

ముందు ఊరి సంగతి. వీణలు చేసేది బొబ్బిలి పట్టణానికి పక్కనే ఉన్న గొల్లపల్లిలో. చేసేవారు సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలవారు. బొబ్బిలి సంస్థానాన్ని నెలకొల్పిన పెద్దరాయుడి కాలంలో, అంటే 17వ శతాబ్దిలో, ఈ విద్య ఇక్కడ వేరూనిందని స్థానిక సంప్రదాయం. ఆ తరవాత ఈ నేల చూసిన అతి పెద్ద విపత్తు 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సైన్యం కలిసి కోటను ధ్వంసం చేశాయి. సంప్రదాయం చెప్పే కాలం సరైనదైతే, కోట కూలినా విద్య కూలలేదన్నమాట. అందులో ఆశ్చర్యం లేదు. రాచకొలువు వీణకు గిరాకీని ఇచ్చింది గాని విద్య ఉన్నది కొలువులో కాదు, ఊరి ఇళ్ళ అరుగుల మీద. పాలకులు మారినట్టే పాలన హద్దులూ మారాయి. 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లా విడివడింది, బొబ్బిలి అందులో చేరింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు బొబ్బిలి అటు వెళ్ళింది. ఇన్ని హద్దులు మారినా వీణ పేరు మారలేదు. సంస్థానం పేరు ఒక వాద్యానికి అతుక్కుని సంస్థానం కంటే ఎక్కువ కాలం బతికింది.

బొబ్బిలి వీణ ప్రత్యేకత ఏమిటని అడిగితే అందరూ చెప్పే జవాబు ఏకాండి. కుండ, దండి, తల మూడూ ఒకే దుంగలోంచి వస్తాయి, అతుకులుండవు. తంజావూరు వైపు విరివిగా చేసే వీణల్లో ఈ భాగాలను విడివిడిగా చేసి కలుపుతారు. అతుకు లేని చోట కంపనం ఆగకుండా సాగుతుందన్నది ఏకాండిని ఇష్టపడేవారి వాదం. అందులో బలం ఉంది. ఉద్దానం తోటల నుంచి సాలూరు కొండల దాకా పనస బాగా పెరిగే ప్రాంతం ఇది. చేవ దేరిన పనస బరువుకు తగ్గ గట్టితనం గలది, చెద పట్టనిది. కనుక కొయ్య గురించి చెప్పుకోవలసిందే. కానీ ఒక ప్రశ్న మిగులుతుంది. ఇదే పనస కేరళ నుంచి కొంకణం దాకా పండుతుంది. వడ్రంగులు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు. చెట్టూ చెయ్యీ అన్నిచోట్లా ఉండగా వీణ కొన్ని చోట్లే ఎందుకు పుట్టింది? జవాబు చెట్టులో దొరకదు. వీణను విని తప్పొప్పులు చెప్పగల మనుషులు ఎక్కడున్నారో అక్కడ దొరుకుతుంది.

అలాంటి మనుషులు ఈ ప్రాంతంలో దండిగా ఉన్నారు. విజయనగరం ఆనంద గజపతి రాజు కాలం నుంచి సంగీతానికి పెద్ద పీట వేసిన సంస్థానం. వీణ వేంకటరమణదాసు అక్కడి ఆస్థాన విద్వాంసుడు, ఆయన పేరే వీణతో కలిసిపోయింది. వాసా వారి వైణికులు ఈ గడ్డ మీద పేరెన్నికగన్నవారు. 1864లో బొబ్బిలికి దగ్గరి అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు హరికథకే కాదు, వీణకూ పేరు మోశాడు. 1919లో విజయరామ గజపతి రాజు విజయనగరంలో సంగీత పాఠశాల నెలకొల్పి నారాయణదాసును తొలి అధ్యక్షుడిగా నియమించాడు. ఇప్పటి మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల అదే. వయొలిన్‌లో దేశమంతా పేరు పొందిన ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే ఆచార్యుడై, 1936లో నారాయణదాసు తరవాత అధ్యక్షుడయ్యాడు. ఘంటసాల అక్కడి విద్యార్థి. ఈ పేర్లు కీర్తి కోసం చెప్పడం లేదు. గొల్లపల్లిలో కట్టిన మేళాన్ని విని, ఫలానా మెట్టు ఫలానా స్వరానికి నిలవలేదని తిప్పి పంపగల చెవులు ఒకటి రెండు రోజుల బండి ప్రయాణం దూరంలో ఉండేవి. చేసేవాడి చెవికి సాన పట్టేది వాయించేవాడి చెవి. ఈ రెండు చెవుల మధ్య నడిచిన వాడుకే బొబ్బిలి వీణకు అసలు బడి.

మేళం కట్టడం అనే పనికి ఉన్న వయసు చూస్తే దాని బరువు ఇంకా తెలుస్తుంది. విజయనగర సామ్రాజ్య కాలంలో రామామాత్యుడు 1550లో ‘స్వరమేళకళానిధి’ రాశాడు. అందులో వీణ మెట్ల కూర్పునే ఆధారం చేసుకుని స్వరస్థానాలను నిర్ణయించాడు. అన్ని రాగాలకూ పనికివచ్చే మెట్లున్న వీణనూ, ఒక్కో రాగానికి మెట్లు మార్చుకోవలసిన వీణనూ వేరువేరుగా చెప్పాడు. రాజమహేంద్రవరానికి చెందిన సోమనాథుడు 1609లో ‘రాగవిబోధ’లో ఈ చర్చను కొనసాగించాడు. 1600 నుంచి 1634 దాకా తంజావూరును ఏలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుడి కాలంలో 24 స్థిరమైన మెట్ల వీణ రూపు దిద్దుకుందని సంగీత చరిత్రకారుల మాట. రఘునాథుడి మంత్రి గోవింద దీక్షితుడి కొడుకు వేంకటమఖి 72 మేళకర్తల లెక్క వేసింది అదే శతాబ్దిలో, అదే నేల మీద. స్థాయిలో 12 మెట్లున్న దండిని చూడకుండా ఆ లెక్క ఊహకు అందదు. మెట్ల కూర్పుకూ మేళం అనే పేరే, రాగాల కుదుళ్ళకూ మేళం అనే పేరే. వీణ చేసేవాడి పనిలోని మాట శాస్త్రకారుడి సిద్ధాంతానికి పేరైంది. కర్ణాటక సంగీత శాస్త్రం మైనపు గట్టు మీద నిలబడింది అంటే అతిశయోక్తి కాదు.

స్థిరమైన మెట్లు వచ్చాక బాధ్యత చేతులు మారింది. రాగానికో తీరుగా మెట్లు జరుపుకునే రోజుల్లో స్వరం తప్పితే తప్పు వాయించేవాడిది. 24 మెట్లు ఒక్కసారిగా, అన్ని రాగాలకూ నిలవాలన్న రోజున స్వరస్థానాల భారం మేళం కట్టేవాడి మీద పడింది. వయొలిన్‌కు మెట్లుండవు. అక్కడ స్వరాన్ని క్షణక్షణం వెతికి పట్టుకునేది వాయించేవారి వేలు. ద్వారం వారి వయొలిన్‌లో వినిపించిన శ్రుతిశుద్ధి పూర్తిగా ద్వారం వారిది. వీణ అలా కాదు. ఎవరి చేతిలోకి వెళ్తుందో తెలియని వాద్యంలో ముందుగానే తన వినికిడిని దాచి పంపుతాడు మేళం కట్టినవాడు. కచేరీలో మనం వినే గాంధారంలో వైణికుడి వేలితో పాటు గొల్లపల్లి మనిషి చెవి కూడా ఉంటుంది. అతని పేరు మాత్రం కరపత్రంలో ఉండదు.

ఈ పని ఎంత సూక్ష్మమో అంకెల్లో చూపవచ్చు. మీటే తంతి పొడవు 80 సెంటీమీటర్లు అనుకుందాం. స్థాయిని 12 సమాన భాగాలు చేసే లెక్క ప్రకారం మొదటి మెట్టు పై అంచు నుంచి సుమారు 4.5 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 40 దగ్గర. ఇరవైనాలుగో మెట్టుకు, కుండ మీద తంతులను మోసే గుర్రం నుంచి 20 సెంటీమీటర్ల దూరమే ఉంటుంది. దానికీ ఇరవైమూడో మెట్టుకూ మధ్య 1.2 సెంటీమీటర్లు. అంటే తల దగ్గర వేళ్ళు పట్టేంత జాగా ఉంటే, కుండ దగ్గరకు వచ్చేసరికి వేలి మందం మాత్రమే మిగులుతుంది. స్థాయిని 1200 సెంట్లుగా విభజించి కొలిస్తే, మొదటి మెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు తప్పు రెండు సెంట్ల తేడా తెస్తుంది. చివరి మెట్టు దగ్గర అదే మిల్లీమీటరు ఎనిమిది సెంట్లు దాటిస్తుంది. పైగా వేలితో నొక్కినప్పుడు తంతి సాగుతుంది, బిగువు పెరుగుతుంది, స్వరం కాస్త పైకి జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది తంతి మందాన్నీ, మెట్టు ఎత్తునూ బట్టి మారుతుంది. ఒకే మెట్టు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అన్న నాలుగు తంతులకూ పనిచేయాలి. సారణి కింద అంతర గాంధారం పలికే మెట్టే పంచమం తంతి కింద కాకలి నిషాదం పలకాలి. మెట్టు పక్క మెట్టు కంటే పిసరంత ఎత్తు ఎక్కువైతే తంతి దానికి తగిలి గరగరలాడుతుంది. ఇవన్నీ ఒకేసారి కుదరాలి. కొలబద్ద ఇక్కడ మొదటి అడుగు దాకా తీసుకువెళ్తుంది, అక్కడి నుంచి చెవే నడిపిస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇప్పుడు సెల్‌ఫోనులో శ్రుతి చూపే యాప్‌లున్నాయి, ముల్లు నడుమకు వచ్చేదాకా మెట్టు జరిపితే సరిపోతుంది కదా, ఇందులో తరాల విద్య ఏముంది అని. దీనికి జవాబు గాంధారంలోనే ఉంది. ఆధార షడ్జంతో మేళవించి, ఏ అలజడీ లేకుండా వినిపించే అంతర గాంధారం షడ్జానికి 5/4 వంతు. సెంట్లలో 386. సాధారణ యాప్‌లు కొలిచే సమాన విభజనలో అదే స్వరం 400. ఈ 14 సెంట్ల తేడా 80 సెంటీమీటర్ల తంతి మీద అర సెంటీమీటరు. కంటికి కనిపించేంత దూరం అది. యాప్‌ను నమ్మి కట్టిన మెట్టు, చెవిని నమ్మి కట్టిన మెట్టు రెండూ ఒకచోట ఉండవు. పోనీ లెక్క మార్చి 386 దగ్గరే పెడదామంటే, ఆ మెట్టు మీదే ఇతర తంతుల స్వరాలూ ఇతర రాగాల అవసరాలూ ఉన్నాయి. ఎక్కడ రాజీపడాలో, ఎంత రాజీపడాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఇంకో మాట. వీణ మీద తంతిని పక్కకు లాగితే స్వరం పైకే వెళ్తుంది, కిందికి రాదు. మెట్టు కాస్త తక్కువలో ఉంటే వైణికుడు గమకంతో దిద్దుకోగలడు, ఎక్కువలో ఉంటే దిద్దుకునే దారి లేదు. ఇది ముల్లుకు తెలియదు, వాయించే చేతినీ వినే చెవినీ ఎరిగినవాడికి తెలుస్తుంది. కనుక యాప్ సహాయం చేస్తుంది, తీర్పు చెప్పలేదు.

చెవి తీర్పు మీదే ఇంత నమ్మకం పెట్టుకోవడం శాస్త్రానికి తగునా అని మరొకరు అడగవచ్చు. మన దగ్గర శాస్త్రం చెవి చెప్పినదాన్ని నిలబెట్టిన ఉదాహరణ ఒకటి ఉంది. చంద్రశేఖర వేంకటరామన్ చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది, తండ్రి అక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు. అదే రామన్ 1921లో వీణ, తంబురాల నాదం మీద పరిశోధన ప్రకటించాడు. తంతిని మీటిన చోట ఏ ఉపస్వరాలకు నిశ్చల బిందువు పడుతుందో ఆ ఉపస్వరాలు వినిపించకూడదన్నది యూరప్‌లో స్థిరపడిన యంగ్, హెల్మ్‌హోల్ట్జ్ సూత్రం. వీణలో అవి వినిపిస్తున్నాయని రామన్ చూపాడు. కారణం గుర్రం. వయొలిన్ గుర్రం సన్నని అంచు. వీణ గుర్రం పైభాగం వెడల్పైన లోహపు పలక, కొద్దిపాటి వంపు తిరిగినది. కంపించే తంతి ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉంటుంది. ఆ తాకిడిలోంచే వీణ నాదంలోని జిలుగు పుడుతుంది. ఆ వంపు పిసరంత ఎక్కువైతే నాదం మూగబోతుంది, తక్కువైతే రొదవుతుంది. సూత్రం తెలియని రోజుల్లో ఆ వంపును ఆకురాయితో తీసినవాళ్ళు విని విని తీశారు. ప్రయోగశాల తరవాత వచ్చి వారు కుదిర్చినదానికి కారణం చెప్పింది. చెవి ఊహ కాదు, అదీ ఒక కొలత పనిముట్టే అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు వర్తమానానికి వద్దాం. బొబ్బిలి వీణకు భౌగోళిక సూచిక దక్కింది. అది 2003లో అమలులోకి వచ్చిన చట్టం కింద ఇచ్చే గుర్తింపు. ఈ పేరుతో మరో ఊరివారు సరుకు అమ్మకూడదన్న రక్షణ అది. ఆనందించవలసిన విషయమే. కానీ ఆ చట్టం పేరును కాపాడుతుంది. ఒక తరం వినికిడి తరవాతి తరానికి అందేట్టు చూడడం దాని పని కాదు. మరోవైపు గొల్లపల్లిలో చిన్న బహుమతి వీణల తయారీ పెరిగింది. సభల్లో అతిథులకు ఇచ్చేవి, అద్దాల బీరువాలో నిలబెట్టేవి. వాటి మీద మెట్లుంటాయి, మేళం ఉండదు. తంతులుంటాయి, శ్రుతి ఉండదు. వాటిని మీటరు, చూస్తారు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఒక వృత్తి తన ఆదాయంలో పెద్ద భాగాన్ని చూసే వస్తువు నుంచి తెచ్చుకుంటున్నప్పుడు, కొత్తగా చేరే కుర్రవాడు ముందుగా నేర్చుకునేది చెక్కడం. చెవి పని అతనిని పిలవదు.

ఈ మాట ఆ కుటుంబాలను తప్పుపట్టడం అవుతుందని అనిపించవచ్చు. అలా కాదు. బహుమతి వీణ అన్నం పెడుతోంది. పెద్ద వీణకు వారాల తరబడి శ్రమ, కొనేవారు తక్కువ. చిన్న వీణకు రోజుల పని, గిరాకీ ఎక్కువ. బతకడానికి తోవ చూసుకున్న మనిషిని విమర్శించే హక్కు మనలో ఎవరికీ లేదు. నా వాదన కొనేవారి మీద, గుర్తింపులు ఇచ్చేవారి మీద, మన మీద. వీణను జ్ఞాపికగా మాత్రమే కొంటున్న సమాజం చెక్కుడుకు డబ్బిస్తోంది, శ్రుతికి ఇవ్వడం లేదు. తీరం వేడికి, ఉక్కకు మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. వాడే వీణకు కొన్నేళ్ళకోసారి మళ్ళీ మేళం కట్టించుకోవాలి. అంటే ఈ విద్యకు అమ్మకం ఒక్కటే ఆధారం కాదు, మరమ్మతు కూడా ఆధారమే. వీణ నేర్చుకునేవారు తగ్గితే, ఉన్నవారు మైనం బదులు మరలతో మెట్లు బిగించిన వాద్యాలకు మారితే, మేళం కట్టే చేతికి ఏడాదిలో ఎన్నిసార్లు పని తగులుతుంది? సాధన లేని చెవి మొద్దుబారుతుంది.

మరలతో బిగించిన మెట్లు మంచివి కావా? ప్రయాణాలు చేసే వైణికుడికి అవి సుఖం, కాదనలేం. కానీ మైనం మెత్తన కావడం లోపం మాత్రమే కాదు, అదొక సదుపాయం కూడా. తంతి మందం మార్చినా, ఆధార శ్రుతి పెంచినా తగ్గించినా, గుర్రం వంపు దిద్దినా, మెట్టును మళ్ళీ కుదుర్చుకునే వీలు మైనం ఇస్తుంది. మారే పరిస్థితికి మారే ఏర్పాటు అది. రఘునాథ నాయకుడి నాటి నుంచి మైనం నిలవడానికి కారణం మరలు తెలియకపోవడం కాదు, ఈ దిద్దుబాటుకు చోటు ఉండడమే.

పరికరం ఒకటి, దాన్ని కుదిర్చే పని మరొకటి అన్న ఈ సత్యం పాత వాద్యాలకే పరిమితం కాదు. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బజారులోకి వచ్చింది. ఒకే పలక మీద కంప్యూటరంతా ఇమిడిన పరికరం అది, అరచేతిలో పడుతుంది. ఆ పలకకు మైకు పెట్టుకునే దారి లేదు. శబ్దం లోపలికి తేవాలంటే బయటి సౌండ్ కార్డు తగిలించాలి. పలక కాళ్ళకు కలిపే కార్డైతే తగిలించినంత మాత్రాన కూడా ధ్వని రాదు. ఏ చిప్ ఉంది, ఏ కాళ్ళకు కలిసింది, ఎవరి గడియారం నడిపిస్తుంది అన్న వివరాలు డివైస్ ట్రీ అనే చిట్టాలో రాసి ఉండాలి. ఆ చిట్టా ప్రకారం లినక్స్‌లోని అల్సా అనే ధ్వని వ్యవస్థ కార్డును గుర్తిస్తుంది. 2014లో వచ్చిన హ్యాట్ ప్రమాణం ప్రకారం కొన్ని కార్డులు తమ చిట్టాను తామే చిన్న జ్ఞాపక చిప్‌లో మోసుకొస్తాయి. లేనివాటికి మనిషి ఒక వరుస రాసి చెప్పాలి. ఆ వరుస లేని కార్డు మెట్లు లేని దండితో సమానం. అన్ని భాగాలూ ఉంటాయి, స్వరం ఉండదు.

పోలిక అక్కడితో ఆగదు. శబ్దాన్ని అంకెలుగా మార్చే లోకంలో రెండు లెక్కలు వాడుకలో ఉన్నాయి. సెకనుకు 44,100 నమూనాలు, 48,000 నమూనాలు. మంచి కార్డుల మీద ఈ రెంటికీ వేరువేరు గడియారపు స్ఫటికాలు ఉంటాయి, 22.5792 మెగాహెర్ట్జ్‌ది ఒకటి, 24.576 మెగాహెర్ట్జ్‌ది ఒకటి. 44,100 లెక్కన పట్టిన శబ్దాన్ని పొరపాటున 48,000 లెక్కన వినిపిస్తే స్వరం సుమారు 147 సెంట్లు పైకి ఎగురుతుంది. ఒకటిన్నర మెట్టు దూరం అది. రిషభం పలకవలసిన చోట గాంధారం దాకా జరిగిపోతుంది. పరికరంలో ఏ భాగమూ చెడలేదు, కుదుర్పు తప్పింది, అంతే. గొల్లపల్లిలో మెట్టు తప్పిన వీణదీ ఇదే కథ. వీణను యంత్రంతో పోల్చడం దాని గౌరవాన్ని తగ్గించడమని కొందరు నొచ్చుకోవచ్చు. నిజానికి ఈ పోలిక పెంచేది మేళం కట్టేవాడి గౌరవాన్నే. కంప్యూటరును కుదిర్చే పనికి మన కాలం పెద్ద పేరు, పెద్ద జీతం ఇస్తోంది. పనస కొయ్యను కుదిర్చే పని దానికంటే సులువైనదని ఎవరూ అనలేరు. కంప్యూటరులో తప్పు వరుసను తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. ఇక్కడ ప్రతి మెట్టూ కరిగే మైనంలో, కదిలే తంతి కింద, ఒక్క చెవి సాక్ష్యంతో నిలవాలి.

ఆ చిన్న కంప్యూటరు ఈ విద్యకు చేయగల మేలు కూడా ఉంది. పాతికేళ్ళు మేళం కట్టిన చేయి ఒక వీణను కుదిర్చాక, ఆ వీణకు కాంటాక్ట్ మైకు అంటించి, సరైన గడియారంతో 24 మెట్ల స్వరాలనూ నాలుగు తంతుల మీదా రికార్డు చేయవచ్చు. ఏ మెట్టు సమాన విభజనకు ఎన్ని సెంట్లు ఇవతల ఉందో, ఎన్ని సెంట్లు అవతల ఉందో లెక్క తీయవచ్చు. గుర్రం వంపును కొలవవచ్చు. అప్పుడు గొల్లపల్లి మేళం కాగితం మీదకు ఎక్కుతుంది. రామామాత్యుడూ సోమనాథుడూ తమ కాలపు మెట్లను గ్రంథాల్లోకి ఎక్కించారు. నాలుగు వందల ఏళ్ళ తరవాత మనకు అంతకంటే మంచి పనిముట్లున్నాయి, వారికున్న శ్రద్ధ మాత్రం లేదు. ఖర్చు అడ్డం చెప్పడానికి వీలు లేదు. ఈ పనికి కావలసిన పలక, కార్డు, మైకు కలిపినా ఒక పెద్ద వీణ ధర కాదు.

లెక్క రాసిపెట్టుకుంటే విద్య నిలిచినట్టేనా అన్న చివరి ఆక్షేపణ సరైనదే. నిలవదు. అంకెల పట్టిక చేతిలో పెట్టుకుని మేళం కట్టినవాడు మరొకరి వీణకు నకలు తీస్తాడు, తన ముందున్న కొయ్యకు తగ్గ తీర్పు చెప్పలేడు. పట్టిక చేసే పని వేరు. నేర్చుకునేవాడికి తాను ఎక్కడ తప్పాడో చూపే అద్దమవుతుంది. గురువు చెవికి రుజువవుతుంది. విద్య నిలవాలంటే వాడుక నిలవాలి. చేసేవాడి చెవికీ వాయించేవాడి చెవికీ మధ్య తెగిన దారి మళ్ళీ కలవాలి. ఆ దారి ఒకప్పుడు గొల్లపల్లి నుంచి విజయనగరం దాకా ఉండేది. ఆ రెండు ఊళ్ళూ ఇప్పటికీ ఒకే జిల్లాలో ఉన్నాయి.

అందుకే ఈ విన్నపం రెండు చోట్లకు. వీణ నేర్పే కళాశాలలు తమ పాఠ్యక్రమంలో మేళం కట్టడాన్ని చేర్చాలి, దాన్ని నేర్పడానికి గొల్లపల్లి పనివారిని గౌరవ వేతనంతో ఆచార్యులుగా పిలవాలి. వీణ ఇంట్లో ఉన్నవారు దాన్ని గోడకు ఆనించి ఉంచకుండా, ఈ ఏడాదే ఒకసారి ఆ ఊరికి తీసుకువెళ్ళి మేళం కట్టించుకోవాలి. కట్టినవారి పేరును వీణ పెట్టెలో రాసి ఉంచాలి. చెక్కినవాడికి పతకం దక్కింది. కుదిర్చినవాడికి పని దక్కాలి.